అవ్వ హారతిచ్చిన లాటిన్

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేం కాదు, చేతిలో సెల్‌ఫోన్ ఉన్న కాలమే, నా దృష్టిలో చదువంటే నోటికి రావడమే. ఎక్కాలు అలాగే వచ్చాయి, పద్యాలూ అలాగే వచ్చాయి. కాబట్టి ఎండు మొక్కలు భద్రపరిచే ఆఫీసులో ఉద్యోగానికి కాస్త లాటిన్ రావాలన్నప్పుడు (మొక్కలకు ఆ భాషలో పేరు పెట్టాలని ఎవరికి బుద్ధి పుట్టిందో) నేనేమీ జంకలేదు. మూడు నెలల క్లాసు, ఆఖర్న నోటి పరీక్ష. తప్పితే నాయన మిరియాల మండీలో కూర్చోవాలి. ఆ ఘాటుకి నాకు తుమ్ములు ఆగవు.

తొండియార్‌పేటలో మా ఇంట్లో ఏది బట్టీ పట్టినా స్నానం చేసి, దేవుడి గదిలో, రాగం తీసి పట్టాలి. అది అవ్వ పెట్టిన ఆచారం. "మెన్సా, మెన్సే, మెన్సే, మెన్సామ్" అని ఒకే మాటకున్న విభక్తి రూపాలన్నీ నేను ఊగుతూ మొదలుపెడితే అవ్వ కళ్ళు మూసుకుని దండం పెట్టేది. రెండో వారానికి చివర్న కర్పూరం కూడా వెలిగించసాగింది. అది పూజ కాదని నాయన చెప్పబోతే, "ఏ దేవుడిదైతే ఏందిరా, పాప అంత భక్తిగా చెప్పతా ఉండాది, నువ్వు గమ్మునుండు" అంది. ఆమె హారతి కళ్ళకద్దుకునేసరికి అది నిజంగా స్తోత్రమేమోనని నాకే అనుమానం పట్టుకుంది. స్తోత్రానికి అర్థమేమిటని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. నేనూ అడగలేదు.

పరీక్ష రోజున మా మాస్టారు (రాయపురం నుంచి వచ్చే పెద్దాయన, తమిళులు) ఎదురుగా కూర్చున్నారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. మధ్యలో ఒక రూపం అడిగితే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను, మధ్యలోంచి నాకు రాదు మరి. ఆయన ఓపిగ్గా విని, "బాగుంది. మెన్సా అంటే ఏమిటమ్మా?" అని తమిళంలో అడిగారు. పువ్వా? నదా? ఎవరైనా దేవతా? రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, తల పట్టుకుని ఆలోచించాను.

"తెలీదు సార్," అన్నాను చివరికి.

"ఇప్పుడు నువ్వు మోచేతులు ఆనించిందే, బల్ల," అన్నారాయన.

మిరియాల బస్తాలు కళ్ళముందు కదిలాయి. ఆయన మాత్రం కలం మూసేసి, చిన్నప్పుడు చర్చిలో తానూ పదేళ్ళు అర్థం తెలియకుండానే లాటిన్ పాటలు పాడానని, అప్పుడున్నంత గొంతు మళ్ళీ రాలేదని చెప్పి, పది రోజులు గడువిచ్చారు. అర్థాలు నేర్చుకొచ్చి గట్టెక్కాను.

ఇప్పుడు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఒక చిన్న పేరు రాయడానికి మూడుసార్లు నిఘంటువు తిప్పుతాను, అయినా అనుమానమే. ఒక్క ముక్క తెలియకపోయినా అంత ధైర్యంగా ఊగిన ఆ పిల్లని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కుళ్ళుగానూ ఉంటుంది.