బెల్లమూ, మూడు చీరల పడుగూ

మొన్న పొద్దున చీర కొనడానికి వచ్చిన ఒక కొత్త జంట వాకిట్లో చెప్పులు విడుస్తూ మా గోడ వైపు చూసి ఆగిపోయింది. గోడ మీద మా బెల్లం కూర్చుని ఉంది. ముందుకాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, తోకను నడుం మీద మురుకులా చుట్టిపెట్టుకుని, నుదురంతా ముడతలు చేసుకుని వచ్చినవాళ్లను పరీక్షగా చూస్తోంది. "ఇది కుక్కేనా ఆంటీ?" అని అడిగింది ఆ పిల్ల. కుక్కే తల్లీ అన్నాను. "మరి మొరుగుతలేదేంది?" అన్నాడు అబ్బాయి. మొరగదు నాయనా అన్నాను. ఇద్దరూ నా వైపు కాస్త జాలిగా చూసి లోపలికి వచ్చారు. చీర నచ్చింది, తీసుకున్నారు. వెళ్లేటప్పుడు అబ్బాయి చెప్పు ఒకటి కనిపించలేదు. అది మా ఇంట్లో మామూలే కాబట్టి, వంటింటి వెనక తులసికుండీ చాటు నుంచి తెచ్చి ఇచ్చి పంపించాను. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా నవ్వు ఆపుకున్నాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్నే కొన్నేళ్ల కిందట గద్వాలలో మా వీధి వీధంతా అడిగింది.

బెల్లం మా ఇంటికి రావడానికి కారణం మా అమ్మాయి. తను హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. తనతో ఒకే గదిలో ఉండే స్నేహితురాలు ఎక్కడి నుంచో ఈ కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చుకుంది. ఇంతలో పెళ్లి కుదిరింది. అత్తగారింట్లో కుక్కలంటే గిట్టదని తేలింది. ఇంకేముంది, పెళ్లికూతురు అటు వెళ్లింది, కుక్క ఇటు వచ్చింది. "బసెంజి అమ్మా. ఆఫ్రికా జాతి. అస్సలు మొరగది తెల్సా!" అని మా అమ్మాయి కారు దిగుతూనే గొప్పగా చెప్పింది. అపార్ట్‌మెంట్లలో అది గొప్ప గుణమే కావచ్చు. మా అత్తమ్మ మాత్రం కండెలు చుట్టే రాట్నం ఆపి, దాన్ని తల నుంచి తోక దాకా చూసి, "మొరగకపోతే మరేం చేస్తది బిడ్డా?" అంది. "ఆడుకుంటది అవ్వా" అంది మనవరాలు. "నాకిప్పుడు ఆడుకునే వయసా?" అంటూనే ఆమె దాని గడ్డం కింద గోకింది. దానికి ఏదో ఇంగ్లిషు పేరు ఉండేది. మా అత్తమ్మ నోటికి అది పట్టలేదు. ఒంటి రంగు చూసి బెల్లం అని పిలిచింది, అదే స్థిరపడింది.

అత్తమ్మ ప్రశ్నకు జవాబు వారం తిరగకుండానే దొరికింది. మొరగడం తప్ప అన్నీ చేస్తుంది. తలుపు గొళ్లెం మూతితో ఎత్తి తీస్తుంది. చుట్టి పెట్టిన కండెలను ఒక్కొక్కటే నోట కరుచుకుని పోయి వాకిట్లో దారం సాగదీస్తుంది. ఇంటికి వచ్చిన ప్రతి మనిషి చెప్పుల జతలో ఒక్కటే ఎత్తుకుపోతుంది, రెండోది ముట్టదు. తప్పు చేసి దొరికిపోయినప్పుడు పిల్లిలాగా కూర్చుని పంజా నాకి మొహం తుడుచుకుంటుంది. ఒక్క చినుకు మీద పడితే చాలు, లోపలికి పరుగెత్తి మా అత్తమ్మ కొంగులో తల దాచుకుంటుంది. కోపం వచ్చినా సంతోషం వచ్చినా గొంతెత్తి ఒక రాగం తీస్తుంది. దాన్ని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఊళ కాదు, ఏడుపు కాదు. మొదటిసారి ఆ రాగం విని పక్కింటావిడ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, "అయ్యో, పెద్దమ్మకేమయింది? దవాఖానకు తోలుకపోవాల్నా?" అని అడిగింది. ఆ పెద్దమ్మ, అంటే మా అత్తమ్మ, అరుగు మీద కూర్చుని తాపీగా ఆకు వక్క వేసుకుంటోంది. రాయచూరు వైపు పుట్టిన మనిషి కావడంతో, కుక్కను సముదాయించేటప్పుడు మాత్రం ఆమెకు కన్నడం వచ్చేస్తుంది. "సుమ్నిరవ్వా, సుమ్నిరు" అంటుంది, ఊరుకో తల్లీ అని. ఊళ్లో ఏనాడూ మొరగని కుక్క ఒక్కటే ఉంటే, ఊరుకోమని చెప్పించుకునేదీ అదొక్కటే.

మాది నేతపని. మా గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెల్లో నూలు నాడె వేరు, అంచుల నాడెలు వేరు కాబట్టి మగ్గం మీద ఒక్కరితో పని జరగదు. మా ఆయన మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు, నేను పక్కన కూర్చుని అంచు నాడె అందిస్తాను. పెళ్లయిన నాటి నుంచీ ఇదే. మేం పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వస్తూనే ఉంటుంది. ఇక ఆ గుంట సంగతి. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది. మా ఇంట్లో అంత సుఖమైన చోటు ఇంకోటి లేదని బెల్లం వచ్చిన మర్నాడే కనిపెట్టింది. మా ఆయన కాళ్ల మధ్యన, తొక్కే కర్రల మీదనే ముడుచుకుని పడుకునేది. అది నిద్రపోతే కాలు ఆడించడానికి వీల్లేదు. ఇంటికి చుట్టాలొచ్చినా మగ్గం ఆపని మనిషి, కుక్క లేచేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఎందుకాపారని అడిగితే, "నడుం గుంజుతుంది" అనేవాడు.

ఆయన గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మా ఆయన మంచివాడే. కానీ నోట్లోంచి మాట జారిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదు. ఎప్పుడో అమరచింతలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, అందరికీ పోసి పోసి చల్లారిన చాయ్ ఈయన చేతికొచ్చింది. "ఇగ జన్మల చాయ్ తాగ" అని నలుగురిలో అన్నాడు. అంతే. నేటికీ మేమంతా చాయ్ తాగుతుంటే ఆయన గ్లాసులో వేడినీళ్లు ఊదుకుంటూ తాగుతాడు. వాసన వచ్చినప్పుడల్లా ఆయన మొహం చూస్తే నాకే గుటక పడదు.

అలాంటి మనిషి బెల్లం గురించి కూడా ఒక మాట అనేశాడు. అప్పుడు మేం మగ్గానికి సిద్ధం చేస్తున్నది మూడు చీరల పడుగు, అంటే మూడు చీరలకు సరిపడా నిలువు పోగులు. పడుగుకు గంజి పట్టించే రోజు తెల్లారకముందే దాన్ని వీధి పొడుగునా గుంజలకు సాగదీసి కడతాం. ఎండ ఎక్కితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి కాబట్టి, ఒకరి పడుగుకు వీధంతా వచ్చి చేయి వేస్తారు. ఆ పూట బెల్లాన్ని లోపల పెట్టి గొళ్లెం వేశాను. గొళ్లెం దానికొక లెక్కా! మేం ఇటు చివర ఉండగా అది అటు చివర నిలబడి పడుగుకు పట్టించిన గంజిని కమ్మగా నాకుతోంది. ఎవరో "హేయ్" అన్నారు. బెదిరి నేరుగా పడుగులోకి దూకింది. మెడకు సగం పోగులు చుట్టుకుని, కదలలేక, ఎత్తుకుంది రాగం. వీధంతా పడీ పడీ నవ్వింది. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. అందరూ కలిసి ఎండ ముదిరేదాకా పోగులు విడదీసి, తెగినవి ముడేశారు. పడుగైతే దక్కింది కానీ, ఆయన చెమట తుడుచుకుని అందరి ముందూ గట్టిగా అన్నాడు: "ఈ పడుగు మగ్గం మీద అయిపోయేదాకనే ఇది మా ఇంట్ల ఉంటది. అయిపోయిన దినం రాజోలికి తోలుడే."

రాజోలిలో మా తమ్ముడు ఉన్నాడు. తుంగభద్ర ఒడ్డున మిర్చి వేస్తాడు. చేనుకు అడవిపందుల బెడద, కాపలాకు ఒక కుక్క కావాలని చాలాకాలంగా అంటున్నాడు. చినుకు పడితే కొంగులో దూరే ప్రాణి పందుల మధ్య ఏం బతుకుతుంది? పందుల దాకా ఎందుకు, ఆ చేల గట్ల మీద తిరిగే ఊరకుక్కలే దాన్ని ఒక్క పూటలో చీల్చేస్తాయి. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మాట జారింది చాయ్ మీద కాదు, ఒక ప్రాణం మీద.

పడుగు మగ్గం ఎక్కింది. మామూలుగా చీర దిగితే ఇంట్లో సంబరం. మొదటి చీర దిగిన రోజు నేనూ అత్తమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండోది మొదలయ్యేసరికి నా చేయి దానంతటదే నెమ్మదించింది. అంచు నాడె అందుకుని, పోగు సరిచేస్తున్నట్టు నటించి, కాసేపాగి వదిలేదాన్ని. "ఏంది, చెయ్యి ఆడుతలేదా?" అనేవాడు ఆయన. "భుజం గుంజుతుంది" అనేదాన్ని. ఆయనకు నడుము, నాకు భుజం. మా ఇద్దరి రోగాలకూ కారణం గుంటలో గుర్రుపెట్టి నిద్రపోయేది. విచిత్రమేమిటంటే, మగ్గం మీద నాతో రెండు మాటలు కూడా మాట్లాడని మనిషి దానితో మాట్లాడేవాడు. "జర జరుగు తల్లీ. గా కాలు తియ్యి. ఇగో, గంతే, శాబాష్." నేను పక్కనే ఉన్నానన్న సంగతి మర్చిపోయి అనేవాడు. గుర్తు రాగానే గొంతు సవరించుకుని పోగును బిగించే దువ్వెనను గట్టిగా కొట్టేవాడు.

మూడో చీర కొంగు దగ్గరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె వడ్డిస్తూ నేనే నోరు తెరిచాను. "గా పందులల్ల ఏం బతుకుతది అది? జర ఆలోచన చెయ్యరాదా?" అన్నాను. ఆయన రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా, "అందరి ముంగట అన్న గద" అన్నాడు. అత్తమ్మకు ఒళ్లు మండింది. "అంటే అన్నవులే కొడకా, నోరే గద, గుడి మీద రాసిన శాసనమా?" అంది. ఆయన రొట్టె సగం అలాగే వదిలేసి లేచాడు. ఆ వదిలేసిన సగం బెల్లం తిన్నది. ఆయన చూసీ ఊరుకున్నాడు.

చివరికి ఆయనే తమ్ముడికి ఫోన్ చేశాడు. "ఐతారం పొద్దుగాల రా" అన్నాడు, ఇంకేం చెప్పలేదు. శనివారం సాయంత్రం చీర కోసి, మడత పెట్టి, పసుపు బొట్టు పెట్టాం. ఆదివారం నేను లేచి రొట్టెకు నెయ్యి రాసి, బెల్లం తినే సత్తుగిన్నె, పడుకునే పాత దుప్పటి ఒక సంచిలో సర్దాను. సర్దుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు. కుక్క కోసం ఏడుస్తున్నానని సిగ్గుపడాలని కూడా తోచలేదు. అత్తమ్మ ఆకు వక్క కూడా ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. తమ్ముడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కొత్త పగ్గం చేతపట్టుకుని వచ్చాడు. "అక్కా, బాగున్నవా? ఏదీ కుక్క?" అన్నాడు. నేను మగ్గం గది వైపు చేయి చూపించాను.

వెళ్లి చూస్తే మా ఆయన మగ్గం వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న గిన్నెలో బూడిద, ఒళ్లో కొత్త పడుగు. పాత పడుగు కొసలు మగ్గానికి కొంచెం మిగిలే ఉంటాయి. వాటికి కొత్త పడుగును పోగుకు పోగు, వేళ్లకు బూడిద రాసుకుని, మెలిపెట్టి అతుకుతారు. నేతలో అన్నిటికన్నా ఓపిక కావలసిన పని అది. ఎప్పుడూ ఆ పనికి వేరే మనిషిని పిలుస్తాం. అది కూడా చీర దిగాక నాలుగు రోజులు మగ్గం ఖాళీగా ఉండి, కొత్త పడుగు వచ్చాకే. ఈసారి ఆ పడుగు ఎప్పుడు తెచ్చి ఎక్కడ దాచాడో, ఎప్పుడు లేచి మొదలుపెట్టాడో మాకెవరికీ తెలియదు. అప్పటికే చాలా అతికేశాడు. బెల్లం గుంటలో పడుకుని, ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసి, మళ్లీ మూసుకుంది.

"బావా, పడుగు అయిపోయిందంట గద. తోలుకపోదునా మరి?" అన్నాడు తమ్ముడు.

"ఎవలన్నరు? కండ్లు కనిపిస్తలేవా?" అన్నాడు ఆయన, చేయి ఆపకుండా.

"ఇది కొత్త పడుగు గద బావా?"

"ఇగో చూడు. దాని కొస దీనికి అతుకుతున్న. గసుంటప్పుడు ఏది పాతది, ఏది కొత్తది? మా నాయిన అతికిండు, నేను అతుకుతున్న. ఈ మగ్గం మీద పడుగు ఏనాడు అయిపోలే. అయిపోయిన దినం నేనే ఫోన్ చేస్త, వద్దువుగని."

తమ్ముడు పగ్గం చేతిలో పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. "మరి ఫోన్ల రమ్మన్నవు గద! నా మిర్చి సంగతేంది? పందులు సగం చేను తొక్కినయ్" అన్నాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న మా అత్తమ్మ ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఓరి నాయినా, అది మొరగనే మొరగదు. పందులు దాన్ని చూసి నవ్వుకుంటయిరా!" అంది. "మొరగదా?" అన్నాడు తమ్ముడు. ఇన్నాళ్లూ ఆ ముక్క వాడికి మేమెవరమూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను వంటింట్లోకి పరుగెత్తి తలుపు దగ్గరగా వేసుకుని, నవ్వానో ఏడ్చానో, రెండూ చేశాను. నెయ్యి రాసిన రొట్టెలు తమ్ముడికి పెట్టాను. వాడు కోపంగానే మొదలుపెట్టి నాలుగూ తిన్నాడు. పోయేటప్పుడు వాడి చెప్పు ఒకటి లేదు.

ఆ సాయంత్రం నేను మగ్గం గదిలోకి వెళ్లి ఆయన పక్కన కూర్చుని పోగులు అందించాను. ఏమైనా అనాలనిపించింది. ఎంతో ప్రేమగా ఉంది నాకు ఆ మనిషి మీద. కానీ మా ఇద్దరికీ మగ్గం దగ్గర మాటలు అలవాటు లేదు. బూడిద గిన్నె కొంచెం దగ్గరికి జరిపాను, ఆయన చూసి తల ఊపాడు.

ఇప్పుడు బెల్లం మూతి చుట్టూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. గోడ ఎక్కాలంటే ముందు అరుగు ఎక్కి, కాస్త ఆలోచించుకుని, అప్పుడు ఎక్కుతోంది. మా ఆయనకు కళ్లజోడు వచ్చింది. అయినా అతికే పని ఇంకొకరి చేతికి ఇవ్వడం లేదు. పొద్దుపోయాక ముక్కు మీద అద్దాలు జారుతుంటే పోగు కోసం వెతుక్కుంటాడు. గుంటలో అది గుర్రుపెడుతుంటుంది. అటు చూసి ఒక్కోసారి నాకు భయమేస్తుంది, ఈ ఇద్దరూ ఇలా ఎన్నాళ్లుంటారోనని. చీరలు దిగుతూనే ఉన్నాయి, ఏళ్లు గడుస్తూనే ఉన్నాయి. ఆయన మాట ప్రకారం, ఆ పడుగు మాత్రం ఇంకా అయిపోలేదు.