నూనెకు స్కానింగ్

పొద్దున బీచుపల్లి దిక్కు ఒక లిఫ్టు ఇరిగేషన్ పంపుహౌస్‌కు పోయిన. పంపు బేరింగ్ నూనెల నీళ్లు కలిసినయా అని అల్ట్రాసౌండ్‌తోని చూసుడు నా పని. వరి పొట్టకొచ్చింది, పంపు ఎప్పుడు పెడతరని రైతులు గేటు కాడ నిలబడ్డరు.

నూనె ట్యాంకు అడుగున సెన్సర్ ఆనియ్యంగనే నీళ్లున్నట్టు చూపించింది. పంపు పెట్టొద్దన్న. పెడితే బేరింగ్ కాలిపోతది, ఇగ ఈ పంటకు నీళ్లుండయ్.

“కడుపుతోనున్నోళ్లకు తీసే స్కానింగ్ నూనెకేంది మేడం? ట్యాంకుకున్న అద్దంల చూడుండ్రి, సాఫ్‌గుంది” అని ఆపరేటర్ నర్సిములన్న గరమైండు. గేటు కాడ లొల్లి పెరిగింది. మిషన్ తప్పు చూపిస్తుందేమోనని నాకు గూడ అనుమానమొచ్చింది.

ట్యాంకు అడుగు బోల్టు ఇప్పించిన. ముందుగాల నూనె రాలే, గ్లాసెడు నీళ్లొచ్చినయ్. పులిసిన కొబ్బరినీళ్ల వాసన!

“అన్నా, కొబ్బరికాయ యాడ కొట్టినవ్?”

ఆయన తల దించుకుండు. “ట్యాంకు మూత మీదనే మేడం, మంగళారం. పంపు ఆగకుండ నడవాలెనని మొక్కి, కాయల నీళ్లు గూడ ఆన్నే పోసిన.”

ఆ మూతకు గాలి ఆడే బెజ్జాలున్నయ్. ఆగొద్దని పోసిన నీళ్లే పంపును ఆపినయ్.

నూనె మార్చి పంపు పెట్టేసరికి పొద్దు వాలింది. నర్సిములన్న ఈసారి కాయను గడప కాడ కొట్టి, నీళ్లున్న చిప్ప పట్టుకొని నా దిక్కు వచ్చిండు. “మేడం, మీ స్కానింగ్ మిషన్ మీద రెండు చుక్కలు పోయాల్నా?”

మిషన్‌ను చున్నీల చుట్టుకొని జీపు కాడికి ఉరికిన. మీరైతే ఏం జేద్దురు?