దీపం మేస్త్రీ వెలిగించని దీపం

దీపం మేస్త్రీ అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. ఏసీలో గానీ ఫ్రిజ్‌లో గానీ గ్యాస్ ఎక్కడ కారుతోందో చిన్న దీపం వెలిగించి పట్టేసేవాడు. గొట్టాల వెంట దాన్ని నడిపిస్తుంటే, చిల్లు దగ్గరికి రాగానే నీలి మంట ఆకుపచ్చగా మారేది. ఆ పాత గ్యాస్ మండదు. కాకపోతే ఆకాశంలో ఎండ వేడి కిరణాల నుంచి మనల్ని కాచే ఓజోన్ పొరను తినేస్తోందని తేలి, దాన్ని మాన్పించేశారు. "ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన గ్యాస్, ఇప్పుడు చెడ్డదైపోయిందా?" అని ఆయన ఇప్పటికీ రుసరుసలాడతాడు. ఆయనకి చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే. తప్పని ఎవరన్నా అన్నారా, పంతం పట్టి అదే చేసి చూపిస్తాడు. ఆయనతో కలిసి పనిచేసే కూతురికి తెలియని సంగతా ఇది!

ఆ రోజు ఐస్‌క్రీమ్ షాపులో ఫ్రీజర్ చల్లబడట్లేదని పిలిచారు. వెనక గది అగ్గిపెట్టెంత. దుమ్ము వస్తుందని ఓనరమ్మ ఉన్న ఒక్క కిటికీ కూడా మూసేసింది. కూతురు బయట స్కూటర్ మీంచి సామాన్లు దించుతుంటే, ఆయన ఫ్రీజర్‌ని ముందుకు లాగాడు. వెనకాల గొట్టం బుస్సుమంది.

గుమ్మంలోకి వచ్చిన కూతురు ఆ చప్పుడు విన్నది. ఫ్రీజర్ వెనక పసుపు స్టిక్కర్, దాని మీద మంట బొమ్మ. అంటే కొత్త గ్యాస్. వంటగ్యాస్‌కి దగ్గర చుట్టం. కానీ దీనికి వాసన కలపరు, ముక్కుకి తెలియదు. బరువుకి నేలమీదే పరుచుకుంటుంది. ఆ నేలమీదే నాన్న గొంతుక్కూర్చుని, ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో అగ్గిపెట్టె పట్టుకున్నాడు.

"నాన్నా, వెలిగించకు. అది మండే గ్యాస్."

"ఫ్రిజ్ గ్యాస్ మండడమేంటే? నీకు పని నేర్పిందెవరు?" అంటూ ఆయన పుల్ల బయటికి తీశాడు.

"చీకటిగా ఉంది, లైటెయ్యనా?" అని ఓనరమ్మ స్విచ్ మీదికి చెయ్యి చాచింది. స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ చాలు, గదంతా అంటుకోవడానికి. కూతురు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకోమాట అంటే నాన్న పుల్ల గీసేస్తాడు.

"నాన్నా, అమ్మ పడిపోయిందట. పక్కింటి పిన్ని ఫోన్ చేసింది," అంది.

పుల్ల ఆయన చేతిలోంచి జారింది. పడుతూ లేస్తూ వీధిలోకి పరుగెత్తాడు. కూతురు ఓనరమ్మని బయటికి పంపి, కిటికీ, తలుపులు బార్లా తెరిచి, వీధివైపున్న కరెంటు మెయిన్ ఆపేసింది.

బయట ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. "నాకేమైంది? పొయ్యి మీద కూర మాడుతోంది, విషయమేంటో చెప్పండి," అంది భార్య.

ఆయన మొహం కందగడ్డయింది. "అమ్మ మీద పెట్టి అబద్ధమాడతావా?" అని కూతురి మీదికి వచ్చాడు. గదికి గాలి బాగా ఆడాక ఆమె ఆయన్ని తీసుకెళ్లి ఫ్రీజర్ వెనక్కి చూపించింది. ఆయన వంగి మంట బొమ్మని వేలితో తడిమి చూశాడు.

"ముందు నిజమే చెప్పాను నాన్నా," అంది కూతురు.

ఆయన పిడికిట్లో ఇంకా అగ్గిపెట్టె ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, బుడగలు లేచే చోటుని బట్టి చిల్లు వెతకడానికి తనే వెళ్లి సబ్బునీళ్లు కలుపుకొచ్చాడు.