వెనక బల్బు

ఇవాళ నందిగామలో మెకానిక్ నా స్కూటీ హెడ్‌లైట్ బల్బు విప్పి చేతిలో పెట్టాడు. గాజు లోపలంతా నల్లగా మసి. ఈ నెలలో ఇది రెండోది. రెగ్యులేటర్ పోయిందట, బ్యాటరీకి ఛార్జింగ్ కూడా సరిగా ఎక్కడం లేదట. సరే మార్చెయ్యమని చెప్పి అక్కడే బల్ల మీద కూలబడ్డాను.

ఆ మాడిన బల్బు చూస్తుంటే జగ్గయ్యపేటలో నాన్న నడిపిన పాత స్కూటరు గుర్తొచ్చింది. మన వయసు వాళ్లంతా అలాంటి బండి ఎక్కినవాళ్లే కదా. రేజ్ చేస్తే లైటు భగ్గుమనేది, బండి నెమ్మదిస్తే దీపం కొండెక్కుతున్నట్టు ఉండేది. అందుకని నాన్న ప్రతి మలుపులోనూ క్లచ్ పట్టుకుని రేజ్ చేసేవాడు. వెనక కూర్చున్న అమ్మ “చెవులు పోతున్నాయండీ” అనేది.

ఒక ఏడాది ఆ బండి హెడ్‌లైట్ బల్బు మాటిమాటికీ మాడిపోయింది. నాన్న కొత్తది వేయించేవాడు, అది వారం తిరక్కుండా పోయేది. చివరికి మెకానిక్ మస్తాన్ బండి వెనక్కి వెళ్లి చూసొచ్చాడు.

“మీరు ముందుదే మారుస్తున్నారు. వెనక బల్బు పోయి ఎన్నాళ్లయిందో చూసుకున్నారా? దాని కరెంటు కూడా దీని మీదే పడుద్దండీ. ఇదొక్కటే ఎంతకని తట్టుకుంటది?”

“నడిపేవాడికి వెనకది కనపడదు కదయ్యా” అన్నాడు నాన్న.

అమ్మ పోయాక నాన్న ఏడాది కూడా లేడు. డాక్టర్లు బీపీ అన్నారు, షుగర్ అన్నారు. నేను తలూపాను. మస్తాన్ అయితే వేరే మాట చెప్పి ఉండేవాడు.