కిలియాన్ తొడుక్కున్న ఊదా కోటు

“బావా, నిజం చెప్పు. నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావు కదూ?”

1801 చలికాలంలో, అందరూ భోంచేస్తుండగా బుర్కార్డ్ తన అక్క మొగుణ్ణి అడిగిన మాట ఇది. కిలియాన్ చేతిలో రొట్టె సూపులో పడింది. పద్దెనిమిదేళ్ళుగా అతను చూస్తున్నది సరిగ్గా అందుకే.

వైడెన్‌బాక్ చెరువుల్లో కార్పు చేపల్ని మేపేది కిలియాన్. పేరు మాత్రం బుర్కార్డ్‌ది. అతను ఆ ప్రాంతాన్ని ఏలే బిషప్ ప్రభువు ఆస్థానంలో చేపల అధికారి. ఊదారంగు కోటు, వెండి బొత్తాలు, వాటి మీద బిషప్ చేతికర్ర ముద్ర. ఏటా అక్టోబరులో నీళ్ళు వదిలి చెరువు పట్టేటప్పుడు, అధికారి మొదటి చేపను ఎంచి పైకెత్తేదాకా తక్కినవాళ్ళు టోపీలు తీసి బురదలో నిలబడాలి. బుర్కార్డ్ ఎప్పుడూ బాగా బలిసినదాన్నే ఎత్తేవాడు. బలిసినదే బురద వాసన కొడుతుందని పెంచినవాడికి తెలుసు. తెలిసి, తన బట్టతల వానకి తడుస్తుంటే నోరు మూసుకుని నిలబడేవాడు.

చక్రవర్తి ఎనిమిది వందల ఏళ్ళ కిందట భక్తితో ఈ నేల బిషప్పుకిచ్చాడని చర్చిలో చెబుతారు. భక్తీ లేదు, పాడూ లేదు. సామంతుడికిస్తే కొడుక్కి కట్టబెడతాడు. పెళ్ళి కూడని బిషప్పుకి కొడుకుండడు, ఉన్నా లెక్కలోకి రాడు. కాబట్టి అతను పోగానే చక్రవర్తి మళ్ళీ తనకు కావలసినవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. ఆ ఎంపిక కాస్తా తర్వాత బిషప్పు పెద్ద చర్చి, అంటే కెథడ్రల్, పెద్దల చేతికి జారింది. ఒక బిషప్పు పోతే ఇంకొకణ్ణి ఎన్నుకునేవాళ్ళు. అందుకే రాజ్యమే పోవచ్చన్న ఊహ మావాళ్ళకు తట్టలేదు. ఉద్యోగం ఎవడికి దక్కుతుందన్నదే అందరి ఏడుపూ.

1802 సెప్టెంబరులో బుర్కార్డ్ తనే వచ్చాడు.

“దగ్గు తగ్గట్లేదు బావా. కోటూ ఉద్యోగమూ నీకే ఇప్పిస్తా. ఉద్యోగానికి పూచీగా ఖజానాలో కట్టిన నా రెండొందల గుల్డెన్లు నేను తీసేసుకుంటా, నీ రెండొందలు నువ్వు కట్టు. ఖజానా నాలుగు శాతం వడ్డీ ఇస్తుంది.”

“ఇన్నేళ్ళు పట్టుకు వేలాడి, ఇప్పుడెందుకు వదులుతున్నావ్?”

“నీ చూపులకి నాకు తిన్నది అరగట్లేదయ్యా!”

కిలియాన్ భార్య అపొలోనియా, తమ్ముడు వెళ్ళేదాకా ఆగింది. “వాడు చిన్నప్పుడు కొరికిన ఆపిల్ కూడా ఎవరికీ పెట్టలేదు. అయినా కెథడ్రల్ పెద్దలు వడ్రంగి చేత అన్నేసి పెట్టెలు ఎందుకు చేయిస్తున్నారట?”

“ద్రాక్ష కోతలు కదే. వైన్‌కి.”

“వైన్‌కి పీపాలుంటాయి గానీ పెట్టెలేంటయ్యా?”

“నీ తమ్ముడే వెలిగిపోతుండాలి నీకు!”

కిలియాన్ తన ఎగువ పచ్చికబీడు అమ్మి ఖజానాకి డబ్బు కట్టేశాడు. ఆ మర్నాడే అదే డబ్బు ఖజానాలోంచి బుర్కార్డ్ సంచిలోకి చేరింది.

అక్టోబరు వచ్చింది. భుజాల దగ్గర బిగుసుకుపోయిన కోటుతో కిలియాన్ గట్టు మీద నిలబడ్డాడు. వాన పడుతోంది. అందరికంటే ముందు టోపీ తీసింది బుర్కార్డే. యాభై దాటినా జుట్టు ఒత్తుగా ఉంది. ఇన్నేళ్ళ కలల్లో కిలియాన్ ఆ జుట్టును లెక్కలోకి తీసుకోలేదు. ఆ తల బాగా తడవాలని కావాలనే బుట్టలో ఒక్కో చేపనూ తిప్పి తిప్పి చూశాడు.

“తొందరేం లేదు బావా,” అన్నాడు బుర్కార్డ్ బురదలోంచి. “తీరిగ్గా చూసుకో. మళ్ళీ మళ్ళీ రాదు కదా.”

డిసెంబరులో పొరుగు దొర సైన్యం వచ్చి బిషప్ రాజ్యాన్ని కలిపేసుకుంది. ఒక్క తుపాకీ పేలలేదు. కెథడ్రల్ పెద్దల పెట్టెలు అప్పటికే సొత్తుతో సహా సరిహద్దు దాటిపోయాయి. కొత్త గుమాస్తా బొత్తాలు ప్రభుత్వ ఆస్తి అంటూ కోటు నుంచి కోసేసుకున్నాడు.

“నా పూచీ డబ్బు?”

“పాత ఖజానాకి కట్టావుగా? పాత ఖజానాని అడుక్కో.”

మరుసటి ఏడాది బిషప్ చెరువులు వేలం వేశారు. పెద్ద చెరువు బుర్కార్డ్ పాడుకున్నాడు. మొదటి విడతగా అతను కట్టింది రెండొందల గుల్డెన్లు.

“తెలిసే ఇచ్చావా నాకా కోటు?” అని గట్టు మీద అడిగాడు కిలియాన్.

“నువ్వు కావాలన్నావు. నేనిచ్చాను.”

కిలియాన్ ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు. బొత్తాల్లేని ఆ కోటునే నడుముకి తాడుతో కట్టుకుని బావమరిది చేపలకు మేత వేసేవాడు. గట్టు దాటేటప్పుడల్లా బుర్కార్డ్ జుట్టు వైపు చూసేవాడు.

కిలియాన్ పూచీ రసీదు ఇప్పుడు అతని మనవరాలి దగ్గరుంది. రెండు వందల గుల్డెన్లు, వడ్డీతో సహా, ఇంకా రావాలి.