నాయనమ్మ వేళ్ళు

మా నాయనమ్మ ఇళ్ళకెళ్ళి కాన్పులు చేస్తుంది. ఏ ఆసుపత్రికీ చెందదు, ఎవరి మాటా వినదు. పిలిచిన ఇంట్లో బిడ్డని బయటికి తీసి, తల్లిని శుభ్రం చేసి, ఇంటివాళ్ళని నాలుగు తిట్టి వస్తుంది. తిట్లు ఉచితం. బడికి దణ్ణం పెట్టేసి ఇస్త్రీ కొట్లో పనిచేస్తున్న నాకు ఇంకాస్త ఎక్కువ ఉచితం.

పై వాటా దర్జీ అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు ఆసుపత్రిలో అయింది. ఎవరెవరో వచ్చారట, పోయారట, ఒక్కరూ తన మొహం చూసి ఏం చేస్తున్నారో చెప్పలేదట.

"ఈసారి నా మంచం మీదే మామ్మగారూ. మీరుంటే చాలు," అంది.

నాయనమ్మని ఎవరైనా పిలిచి చాలా కాలమైంది. మొహం చాటంత చేసుకుని మెట్లెక్కింది. నేనూ వెనకాలే వెళ్ళాను. నా బెంగ నాది. షుగరు ముదిరాక ఆవిడ పొయ్యి మీది గిన్నెని వట్టి చేత్తో దించేస్తోంది. బొబ్బ లేచాక చూపిస్తే, "చర్మం మందంలే, నీ బుర్రలాగే," అని కొట్టిపారేస్తుంది.

దర్జీ అమ్మాయి గుడ్డముక్కలు పక్కకి నెట్టి పడుకుంది. నాయనమ్మకో పద్ధతుంది. కళ్ళు మూసుకుని, పొట్ట మీద చేతులు ఆనించి, లోపలి బిడ్డని పరిచయం చేస్తుంది. "ఇదిగో వీపు. ఇది మోకాలు. ఇదిగో బుర్ర, గట్టిగా ఉంది, అచ్చం మీ ఆయనదే." అదయ్యాకే కాన్పుకి ఒప్పుకుంటుంది.

ఆ రోజు చేతులు ఆనించి ఊరుకుంది. కాస్త జరిపింది. మళ్ళీ జరిపింది.

"బుర్ర కిందికే ఉంది," అంది చివరికి. వెక్కిరింత లేదు.

"మరి కాళ్ళు పైనుండాలిగా, కిందవైపే తంతోందేంటి మామ్మగారూ?"

నాయనమ్మ కళ్ళు తెరిచింది. తన చేతుల్ని పక్కింటావిడ చేతుల్లా చూసుకుంది. మొహంలో ఏడుపూ లేదు, కోపమూ లేదు.

"నా వేళ్ళకి ఏమీ తెలియట్లేదే పిల్లా. చాన్నాళ్ళయింది. వెళ్ళి స్కానింగ్ తీయించుకో."

"అంటే మీరు చెయ్యరా?"

"చెయ్యను."

నాయనమ్మని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

స్కానింగులో బుర్ర పైనే ఉందని తేలింది. ఆపరేషన్ అన్నారు. దర్జీ అమ్మాయి వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"అక్కడ నాతో ఎవరూ మాట్లాడరు," అంది. దారం అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

"నేనొస్తాగా," అంది నాయనమ్మ.

"లోపలికి రానివ్వరు."

"నన్నా?"

రానిచ్చారు. ఎలాగో చెబితే ఆ నర్సుల మర్యాద పోతుంది. ఆపరేషన్ గదిలో దర్జీ అమ్మాయి తల దగ్గర నాయనమ్మ స్టూలు వేసుకుని, "నడుముకి మత్తిచ్చారు. ఇప్పుడు కోస్తున్నారు. అదిగో, పిర్రలు ముందొస్తున్నాయి, సిగ్గులేనిది," అని చెబుతూనే ఉందట. డాక్టరుగారు కాసేపు ఊరుకోమంటే, "మీరు చెప్పరు, నన్నూ చెప్పనివ్వరా?" అందట.

బయటికొచ్చాక అడిగాను. "ఎవరు పుట్టారే?"

"ఆడపిల్ల."

"ఎత్తుకున్నావా?"

"ఒళ్ళో పెట్టారు." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "బరువు తెలిసింది," అంది.