నార ఊరేదాకా

మీ పక్కింటి మనిషి మీద ఊరంతా ఒకే మాట అంటున్నప్పుడు, ఆ మాట నిజమో అబద్ధమో తేలేదాకా మీరు ఎక్కడ కూర్చుంటారు? మీ ఇంట్లోనా, జనంలోనా, ఆ మనిషి గుమ్మంలోనా? జవాబు తొందరపడి చెప్పకండి. ఈ ప్రశ్న చాలా సభల్లో అడిగాను. వెంటనే చెయ్యెత్తినవాళ్లను నేను నమ్మలేదు.

మొన్న రాజాంలో ఒక కాలేజీవాళ్లు మొక్కల నారల మీద సభ పెట్టి నన్ను పిలిచారు. ప్లాస్టిక్ పోవాలని, గోనె రావాలని పిల్లలు చక్కగా మాట్లాడారు. కార్ల తలుపులకు లోపల బిగించే అట్టల్లో కూడా ఇప్పుడు నార కలుపుతున్నారని ఒక అమ్మాయి చెప్పింది. నాకు తెలియని సంగతి, శ్రద్ధగా విన్నాను. వచ్చేటప్పుడు నా చేతిలో ఒక సంచి పెట్టారు. నార తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. సంతోషం కలగలేదు. బాధా కలగలేదు. చెయ్యి మొద్దుబారినట్టయింది, అంతే. అంత తెల్లని నార ముట్టుకుంటే నాకెప్పుడూ అలాగే ఉంటుంది.

నా చిన్నప్పుడు మా ఊళ్లో వరి తరవాత గోగే పంట. నార కోసం వేసే గోగు. మా ఊరి నార నెల్లిమర్ల గోనెసంచుల మిల్లు దాకా వెళ్తుందని పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. పూత మీదుండగా కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా నిలబెట్టి, ఊరి బందలో ముంచేవారు. బంద అంటే మా వైపు చిన్న చెరువు. కట్టలు పైకి తేలకుండా అరటి బోదెలు పరిచి, వాటి మీద గట్టు మట్టి పెళ్లలు పేర్చేవారు. కాడ నీళ్లలో బాగా ఊరి కుళ్లితేనే నార విడుతుంది. ఆ కంపు బట్టల్లోకి, అన్నంలోకి, జుట్టులోకి వచ్చేది. ఆడా మగా నడుము లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవారు. సాయంత్రానికి చేతులు పాలిపోయి, వేడి అన్నం ముట్టుకున్నా తెలిసేది కాదు.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. బందలో నీళ్లు అడుగంటాయి. కట్టలు మునగక జనం మరిన్ని బోదెలు, మరింత మట్టి వేసి అణగదొక్కారు. తీసి చూస్తే నారంతా నల్లబడింది. నార కొనే షావుకారు ఒక పాయ వేళ్ల మధ్య నలిపి చూసి, కింద పడేసి బండి తోలుకుపోయాడు. ఏడాది కష్టం గట్టు మీద ఎండుతూ పడి ఉంది.

ఒక్కరి నార మాత్రం తెల్లగా వచ్చింది. మా పక్కింటి అత్తది.

ఆమె మాకు చుట్టం కాదు, వరసకు అత్త అని పిలిచేవాళ్లం. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. గెడ్డ, అంటే వాగు, దాని పక్కన చిన్న చెక్క పొలం ఉంటే తానే సాగు చేసుకునేది. ఆ చెక్క తనకిమ్మని ఆమె మరిది అడుగుతూ ఉండేవాడు, ఆమె ఇవ్వలేదు. అరటి తోట ఆ మరిదిదే, కాబట్టి ఆమెకు బోదె దొరకదు. గట్టు తవ్వి మట్టి మోసుకురావాలంటే మగ చెయ్యి ఉండాలి. అంతకుముందు ఏడు ఆమె ఇంటి వెనక గోడ కూలిపోయింది. ఆ గోడలోని గెడ్డ రాళ్లు పెరట్లో కుప్పగా పడి ఉన్నాయి. వేరే దారి లేక వాటినే ఒక్కొక్కటిగా నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లి తన కట్టల మీద పెట్టింది. నార తెల్లగా ఎందుకొచ్చిందో ఆమెకూ తెలియదు.

చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో నాకు తెలియదు. ఒక పూట బంద గట్టు మీద వినబడింది, మర్నాటికి అందరి నోళ్లలో ఉంది. చిల్లంగి పెట్టిందని ముద్రపడిన మనిషికి ముందు పళ్లు పీకుతారు. పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదట. ఈ మాట నేను కోపంగా రాయడం లేదు. కోపంగా చాలాసార్లు రాశాను. అప్పట్లో మా ఊళ్లో ఈ సంగతి ఎంత మామూలుగా చెప్పుకునేవారో అలాగే చెబుతున్నాను.

పొద్దున్నే ఆమె మరిది పట్టకారు పట్టుకొని వచ్చాడు. వెనక పదిమంది పైనే ఉన్నారు.

"ఒసే, బైటికి రా. ఊరందరి నారా నల్లబెట్టీసి నీది మట్టుకు మల్లెపువ్వులాగ తెచ్చుకున్నావు. ఏటి సేసినావు?"

అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాకేటి తెల్దు" అంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. భయం లేదు అందులో. ఏమీ లేదు. ఆ పిలుపు ఎవరికో అన్నట్టు చూస్తోంది.

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, మా వాకిట్లో తాడు పేనుతోంది. లేచి, తాడు చేతిలో ఉండగానే వెళ్లి, అత్త ఇంటి అరుగు మీద గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె తాడు రెండో కొస నా చేతిలో ఉంది కాబట్టి నేనూ వెళ్లాను.

"పళ్లు పీకుతావేట్రా? పీకితే నీ నార తెల్లగైపోద్దా?"

"నువ్వెల్లిపో పెద్దమ్మా. దీని సంగతి నీకు తెల్దు."

"తెల్కపోడమేట్రా. దీని సేతి కూర రోజూ తింతన్నాను. సావనేదు కదా."

వెనక నుంచి ఒక కుర్రవాడు, "ఈ ముసిల్దానికి సావొచ్చినా తెల్దు" అన్నాడు.

"అవున్రా, నీ పెళ్లి సూసీదాకా సావనని మీ అమ్మకి మాటిచ్చినాను. నీకు పిల్లా దొరకదు, నాకు సావూ దొరకదు."

జనం నవ్వారు. మరిది కూడా మూతి బిగించుకున్నాడు గాని నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చల్లారకముందే మామ్మ అసలు మాట అంది.

"సిల్లంగి దీని నోట్లో ఉన్నాదా, ఆ రాళ్లలో ఉన్నాదా? ముందది తేల్సండి. కొయ్యాల్సిన గోగు అందరికీ ఇంకా ఉన్నాది. ఈసారి దీని రాళ్లు మీ కట్టల మీద పెట్టండి. మీ బోదెలూ మట్టీ దీని కట్ట మీద ఎయ్యండి. నోట్లో ఉంటే, మట్టి కింద పెట్టినా దీని నార తెల్లగానే వస్తాది. అప్పుడు పట్టకారు నానే అందిస్తాను."

వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. రాళ్లు తమ చేతికి వస్తాయి, మనిషి ఎక్కడికీ పోదు. "సరే, అదీ సూద్దాం" అని ఒకాయన అన్నాడు. మరిదికి ఇష్టం లేదు, కానీ నవ్విన మనిషి మళ్లీ వెంటనే పట్టకారు ఎత్తలేడు. వెళ్లిపోయారు.

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. "మామ్మా, అత్త నార తెల్లగా వస్తే నిజంగానే పట్టకారు ఇస్తావా?" అని అడిగాను.

"ఏమో" అంది తాడు వంకే చూస్తూ. "నాకూ బయమే. సిల్లంగి నేదని నానెలాగ సెప్పగల్ను? ఉంటే ఉన్నాదేమో. తేలకుండా మట్టుకు దీని మీద సెయ్యి పడనివ్వను."

కట్టలు మునిగాయి. ఇక ఊరడానికి పట్టే కాలం. అన్ని రోజులూ మామ్మ ఆ అరుగు మీదే ఉంది. మా ఇంట్లో వంట అమ్మ చూసుకుంది, ముద్ద అక్కడికే వెళ్లేది. మామ్మ తాడు పేనేది. నేను కొస పట్టుకొని, అది పొడుగయ్యేకొద్దీ వెనక్కి నడిచేదాన్ని. వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చేదాన్ని. దారినపోయేవాళ్లు ముఖం పక్కకు తిప్పుకునేవారు. నాతో ఆడుకునే పిల్లల్ని వాళ్ల అమ్మలు లోపలికి పిలిచేవారు. లోపల అత్త పొయ్యి వెలిగించేది కాదు. మేం పెట్టింది తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒకసారి మామ్మ, "ఒలే, ఒక్క మాటైనా ఆడవే, నోరు పాసిపోద్ది" అంది. అత్త ఆమె వైపు చూసి, మళ్లీ నేల వైపు చూసింది.

మరిది రోజూ ఆ దారినే పోయేవాడు. "ఏరా, పట్టకారు తుప్పట్టిపోద్ది, కాస్త నూని రాసుకో" అనేది మామ్మ. అతను తల తిప్పకుండా పోయేవాడు. దూరంగా వెళ్లాక ఆమె చేతిలో తాడు కాసేపు కదిలేది కాదు. ఆ కొస నా చేతిలో ఉండేది కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు.

నాకు ఏడుపు వచ్చిందా అని మా పిల్లలు అడుగుతారు. రాలేదు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. కాళ్లు వెనక్కి నడుస్తుండేవి.

కట్టలు తీసేరోజు ఊరంతా బంద దగ్గరికి వచ్చింది. మరిదే నీళ్లలోకి దిగాడు. అత్త కట్ట మీది మట్టి తోసి, కాడ విరిచి, నార లాగాడు. నల్లగా వచ్చింది. రాళ్ల కింది తన కట్టలోంచి లాగాడు. తెల్లగా వచ్చింది. రెండు పాయలూ రెండు చేతుల్లో పట్టుకొని చాలాసేపు నీళ్లలోనే నిలబడ్డాడు.

తప్పయిందని ఎవరూ అనలేదు. "అయితే మందు రాళ్లలో ఉన్నాదన్నమాట" అన్నాడొకాయన. "బయపడి సిల్లంగి తీసీసుంటాది" అన్నారు ఇంకెవరో. గట్టు మీది జనం మెల్లగా ఇళ్లకు పోయారు. రాళ్లను అత్తే మళ్లీ ఒక్కొక్కటిగా పెరట్లోకి మోసుకొచ్చుకుంది.

మట్టిలో ఇనుము ఉంటుంది, అరటి బోదెలో వగరు ఉంటుంది, రెండూ కలిస్తే నలుపు పుడుతుందని పెద్దయ్యాక చదువుకున్నాను. అరటికాయ కోసిన కత్తిపీట ఎందుకు నల్లబడుతుందో, ఆ నారా అందుకే నల్లబడింది. నీళ్లు నిండుగా ఉన్న ఏళ్లలో ఆ నలుపు కొట్టుకుపోయేది, ఆ ఏడు పోలేదు. ఇంతే. దీనికోసం ఒక మనిషి నోట్లోకి పట్టకారు వెళ్లబోయింది.

మరుసటి ఏడు గోగు కోతలప్పుడు అందరూ అత్త పెరట్లోకి వచ్చారు. రాళ్లు ఎత్తుకెళ్లడానికి. ఆమెను ఎవరూ అడగలేదు. ఆడవాళ్లు నెత్తి మీద, మగవాళ్లు కావిళ్లలో మోసుకుపోయారు. మరిది బండి కట్టుకొని వచ్చాడు. గోడ మళ్లీ కట్టుకోవడానికి ఆమెకు మిగిలిన రాళ్లవి. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. మా మామ్మ పెద్ద రాయి ఒకటి అరుగు పక్కకు దొర్లించి దాని మీద కూర్చుంది. "ఇదెత్తుకెల్లండి సూద్దాం" అంది. ఆ ఒక్కటీ మిగిలింది. ఇంటి వెనక తాటాకు తడికే ఉండిపోయింది.

అత్త మళ్లీ గోగు వెయ్యలేదు. చాలా ఏళ్లు బతికి, ముసలితనంలో మామూలు జ్వరంతో పోయింది. పోయేనాటికి నోట్లో పళ్లన్నీ ఉన్నాయి. వాటితో ఆమె ఎవరివైపూ చూసి నవ్వగా నేను చూడలేదు.

ఆ తరవాత నేను వేదికలెక్కాను. బాబాలతో వాదించాను, మంత్రగాళ్లకు సవాళ్లు విసిరాను, గొంతు పోయేదాకా అరిచాను. రుజువు చూపిస్తే చాలనుకున్న రోజులున్నాయి. రుజువు ఊరడానికి కాలం పడుతుంది. పళ్లు ఊడగొట్టడానికి ఒక్క క్షణం చాలు. ఈ రెండింటికీ నడుమ ఎవరో ఒకరు అరుగు మీద కూర్చోవాలి. మా మామ్మ చచ్చేదాకా చిల్లంగి ఉందనే నమ్మింది. నా వాదాలేవీ ఆమెను కదిలించలేదు. అయినా ఆరోజు ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నది ఆమే. నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ కూర్చోవడాన్నే. ఆమె కూర్చున్న రాయి ఇప్పుడు మా వాకిట్లో ఉంది. రాజాం నుంచి తెచ్చిన సంచి దాని మీదే పెట్టాను.

ఆ కాలం పోయిందనుకోకండి. అప్పుడు బంద గట్టు మీద పుట్టిన మాట ఇప్పుడు ఫోన్‌లో పుడుతోంది. చిల్లంగి అనే పేరు లేకపోవచ్చు. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి అంటారు, ఊరికి కీడు తెచ్చిన మనిషి అంటారు, ఇంకేదో అంటారు. అది మీ చెవిన పడినప్పుడు నాకు ఫోన్ చెయ్యండి, రుజువులు పట్టుకొని వస్తాను. నేను రావడానికి ఆలస్యమవుతుంది. ఈలోపు ఆ ఇల్లెక్కడో కనుక్కోండి. చేతిలో ఏ పని ఉంటే ఆ పని పట్టుకొని, ఎవరెంత వెక్కిరించినా సరే, వెళ్లి ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చోండి. తేలేదాకా లేవకండి.